మైనపోడికి కట్టిన గోడ

ఒకప్పుడు మనిషి ఒంట్లో కాపలా కాసేవాళ్ళకు రెండే పనులు వచ్చు. చిన్న శత్రువు వస్తే మింగేవాళ్ళు. పెద్ద శత్రువు వస్తే తగలబెట్టేవాళ్ళు. మూడో పని నేర్చుకోవాల్సిన అవసరం వాళ్ళకు రాలేదు. ఎందుకంటే అప్పటిదాకా వచ్చిన శత్రువులందరూ మర్యాదగా చచ్చిపోయారు.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున అప్పలకొండ అనే ఆవిడ ఉండేది. చేపలు అమ్మేది. గంప నెత్తిన పెట్టుకుని వీధి మొదట్లో నిలబడి ఒక్క కేక వేస్తే, వీధి చివర పడుకున్న పిల్లులు లేచి కూర్చునేవి. అంత గట్టి ఊపిరితిత్తులు ఆమెవి.

ఆ ఊపిరితిత్తుల్లో కాపలా పెద్ద పేరు బొజ్జప్ప. తెల్లగా, మెత్తగా, గుండ్రంగా ఉండేవాడు. దుమ్ము వస్తే మింగేవాడు. పొయ్యి మసి వస్తే మింగేవాడు. పురుగూ పుట్రా వస్తే మింగి, కడుపులోని పుల్లటి రసంతో అరిగించుకునేవాడు.

"నా కడుపులోకి వెళ్ళినవాడు తిరిగి వచ్చినట్టు ఎక్కడైనా విన్నారా?" అని తోటి కాపలావాళ్ళను అడిగేవాడు. ఎవరూ వినలేదు.

ఒకరోజు చేపల రేవులో ఎవరో దగ్గారు. ఆ దగ్గు తుంపరలో తేలుతూ ఒక సూక్ష్మజీవి అప్పలకొండ ఊపిరితిత్తుల్లోకి వచ్చింది. సన్నటి పుల్లలా ఉంది. ఒళ్ళంతా మైనం పూసుకుని ఉంది. అందుకే దాన్ని మైనపోడు అనేవారు. మిగతా సూక్ష్మజీవులు ఒక్క పూటలో ఊరంత అయితే, మైనపోడు ఒకడు ఇద్దరు కావడానికే దాదాపు రోజంతా తీసుకునేవాడు. తొందర అన్నది వాడి వంశంలోనే లేదు.

బొజ్జప్ప అడ్డం వచ్చాడు. "ఎవరు నువ్వు? ఏం కావాలి?"

"ఉండడానికి కాస్త చోటు కావాలయ్యా," అన్నాడు మైనపోడు.

"ఇక్కడ నీకు చోటంటూ ఉంటే నా కడుపులోనే."

"నేనూ అదే అడుగుదామనుకున్నాను," అన్నాడు వాడు వినయంగా.

బొజ్జప్ప మింగేశాడు. గెలిచామని మెడ పక్కన బిళ్ళల్లాంటి గ్రంథుల్లో ఉండే దళపతికి కబురు పంపాడు. ఆ దళపతి పేరు దాలమ్మ. ఏ శత్రువుతో ఎలా పోరాడాలో సైన్యానికి నేర్పేది ఆమే. గెలిచాం అన్న కబురు విని ఆమె సంతోషించి, తన పనిలో తాను పడిపోయింది.

ఇక్కడ బొజ్జప్ప కడుపులో పుల్లటి రసం ఊరింది. మైనం మీద పడి జారిపోయింది. మళ్ళీ ఊరింది. మళ్ళీ జారింది.

"కాస్త మెల్లగా పోయండి. వెచ్చగా బాగుంది," అన్నాడు లోపలి నుంచి మైనపోడు.

బొజ్జప్ప ఈ సంగతి ఎవరికైనా చెప్పాలి. కానీ గెలిచానని చెప్పి ఇంకా ఒక పూటైనా గడవలేదు. అందుకని ఊరుకున్నాడు. వాడు ఇద్దరయ్యాడు. నలుగురయ్యాడు. బొజ్జప్ప పొట్ట బరువెక్కుతుంటే, తోటివాళ్ళు చూసి పెద్దాయన బాగా తింటున్నాడని మెచ్చుకున్నారు. తామూ తిందామని వచ్చి, బయటికి పొంగిన మైనపోడి పిల్లల్ని తలా కాస్త మింగారు. ఆ తర్వాత వాళ్ళూ ఏమీ మాట్లాడలేదు.

కొన్ని వారాలు గడిచాయి. దాచలేనంత అయ్యాక మంటగాళ్ళు పరుగున వచ్చారు. వీళ్ళ పని తగలబెట్టడం. ఎవరు శత్రువు, ఎవరు పక్కింటివాడు అని ఆగి అడిగే అలవాటు వాళ్ళకు లేదు. రావడం రావడమే నిప్పు పెట్టారు.

అప్పలకొండకు సాయంత్రమయ్యేసరికి జ్వరం వచ్చేది. దగ్గు పట్టుకుంది. బుగ్గలు లోపలికి పోయాయి. గంప ఎత్తుకుని వీధి మొదట్లో నిలబడి నోరు తెరిస్తే, కేక బదులు దగ్గు వచ్చింది. ఒకనాడు ఆ దగ్గులో రక్తం చార కూడా కనబడింది. ఆమె దాన్ని ఇసకతో కప్పేసి, గంప మళ్ళీ ఎత్తుకుంది.

అత్త సన్యాసమ్మ అది చూసింది. "ఏటే అలా అయిపోనావు? గంప దించు. ఇంటికాడ తొంగో."

"నేను తొంగుంటే చేపలు ఎవులు అమ్ముతారత్తా?"

"నేనమ్ముతాను. నా గొంతు నీ అంత లేదు గానీ, పిల్లులికి సరిపోద్ది."

లోపల ఊపిరితిత్తికి ఓపిక నశించింది. "మైనపోడు నన్ను కొరికింది ఇంత," అని వేలికొసంత చూపించింది. "మీరు కాల్చింది ఇంత," అని చెయ్యంతా చూపించింది. "ఇద్దరిలో శత్రువెవరో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి."

మంటగాళ్ళు తలలు దించుకున్నారు. నిప్పు మాత్రం ఆర్పలేదు. ఆర్పడం వాళ్ళకు నేర్పలేదు.

అప్పుడు దాలమ్మ వచ్చింది. మసిబారిన చోటంతా తిరిగి చూసి బొజ్జప్పను పిలిచింది.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"గెలిచామని చెప్పానమ్మా. ఆ తర్వాత ఓడిపోయామని చెబితే, మొదటి కబురు అబద్ధమైపోతుందని..."

దాలమ్మ తిట్టలేదు. తిట్టడానికి అక్కడ ఊపిరి కూడా సరిగ్గా ఆడడం లేదు. "మైనపోణ్ణి చంపాలంటే అప్పలకొండను కూడా చంపాలి. అది నాకు వద్దు. మంటలు ఆపండి. వాడి చుట్టూ గోడ కడదాం," అంది.

"దేంతో కడతాం? ఇక్కడ రాయి లేదు, మట్టి లేదు," అన్నారు మింగేవాళ్ళు.

"మీరున్నారుగా."

ముందుగా బొజ్జప్ప కదిలాడు. "వాడు నా కడుపులోనే ఉన్నాడు. నేను నడిమధ్యన కూర్చుంటాను. మీరు నా చుట్టూ నిలబడండి," అన్నాడు.

"మళ్ళీ బయటకు రాలేవు," అంది దాలమ్మ.

"తెలుసమ్మా. ఈ కబురు మాత్రం అబద్ధం కాదు."

మింగేవాళ్ళు అతని చుట్టూ చేయీ చేయీ కలిపి నిలబడ్డారు. ఒత్తుగా, ఇంకా ఒత్తుగా. కొందరు ఎవరి ఒళ్ళు ఎక్కడ మొదలైందో తెలియకుండా ఒకరిలో ఒకరు కలిసిపోయారు. వాళ్ళ వెనుక దాలమ్మ సైనికులు వరస కట్టారు. నిప్పు ఆర్పడం మంటగాళ్ళకు దాలమ్మే నేర్పింది. ఎముక ఈ సంగతి విని కొంచెం సున్నం పంపింది. దాంతో గోడ గట్టిపడింది.

లోపల గాలి తగ్గింది. మైనపోడికి ఆవులింత వచ్చింది.

"నేను పడుకుంటాను బొజ్జప్పా. నువ్వు?"

"నాకు కుదరదు. కాపలా."

"నేను హాయిగా నిద్రపోతాను, నువ్వు మేలుకుని కూర్చుంటావు. ఇంతకీ ఈ జైలు ఎవరికంటావు?"

"ఇద్దరికీ," అన్నాడు బొజ్జప్ప. "కాకపోతే నేను అడిగి తెచ్చుకున్నాను."

బయట జ్వరం తగ్గింది. దగ్గు పోయింది. కొన్నాళ్ళకు అప్పలకొండ గంప ఎత్తుకుంది. సన్యాసమ్మ వీధివీధినా నిలబడి, కోడలు బాగుపడింది తను కాచి పోసిన మిరియాల చారు వల్లేనని చెప్పింది. అందరూ ఆ చారు ఎలా కాయాలో అడిగి తెలుసుకున్నారు. గోడలో నిలబడినవాళ్ళు అది విన్నారు. చేతులు ఖాళీగా లేవు కాబట్టి తల కూడా కొట్టుకోలేకపోయారు.

ఆ తర్వాతొక ఏడు సముద్రం పోటెత్తి, పడవలు వేటకు వెళ్ళలేదు. అప్పలకొండ తను తినకుండా పిల్లలకు పెట్టింది. ఒంట్లో సత్తువ తగ్గేసరికి గోడలో చేతుల పట్టు సడలింది. మైనపోడు ఒక కన్ను తెరిచాడు.

సన్యాసమ్మకు గోడ సంగతి తెలియదు, మైనపోడి సంగతీ తెలియదు. కోడలి బుగ్గలు మళ్ళీ లోపలికి పోవడం మాత్రం చూసింది. తన చోడి అంబలి గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"నీకత్తా?"

"నాకు ఆకలి నేదు. తాగు."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అప్పలకొండ తాగింది. రోజూ అలాగే తాగించింది సన్యాసమ్మ. గోడలో చేతులు మళ్ళీ బిగుసుకున్నాయి. మైనపోడు విసుక్కుని అటు తిరిగి పడుకున్నాడు.

గోడ కట్టే ఆ పని అప్పలకొండ పిల్లలకు పుట్టుకతో వచ్చింది. వాళ్ళ పిల్లలకూ వచ్చింది. అలా అందరికీ వచ్చింది.

అప్పటినుంచే క్షయ పురుగు చొరబడిన చాలామంది ఊపిరితిత్తుల్లో, వాళ్ళకే తెలియకుండా, గింజంత గట్టి గడ్డ ఒకటి ఉండిపోతోంది. అప్పటినుంచే కడుపునిండా తిండి లేనివాళ్ళలో, ఒంట్లో సత్తువ తగ్గినవాళ్ళలో ఆ గోడ సడలి జబ్బు లేచి కూర్చుంటోంది. వాణ్ణి పూర్తిగా చంపే మందులు తర్వాత వచ్చాయి. కానీ మైనం మందంగా ఉంటుంది, గోడ ఇంకా మందంగా ఉంటుంది, పడుకున్నవాడికి మందు త్వరగా ఎక్కదు. అందుకే ఆ మాత్రలు నెలల తరబడి మింగాలి. దగ్గు తగ్గింది కదా అని మధ్యలో మానేసేవాళ్ళంటే మైనపోడికి ఇప్పటికీ ఎంతో గౌరవం.