పేష్కారుగారి తలపాగా

రాజుగారి జెండాల మీద తెల్ల హంసలు అద్దే పని చెన్నప్పది. ఆ ఏడు పేష్కారు విరూపాక్షరావు జెండాలకని తళతళలాడే కొత్తరకం ఎర్రబట్టను ఓడ మీద తెప్పించాడు.

"బాబయ్యా, వేడి తగిలితే దీని ఎరుపు పైకి ఎగబాకుతుంది. హంస కింద ముందు బొగ్గుపూత వేసి దాన్ని ఆపి, నీడన ఆరబెడతాను," అన్నాడు చెన్నప్ప.

"తెల్ల హంస కింద మసి పూస్తావా? ఎల్లుండే ఊరేగింపు!" అని కసిరి, పేష్కారు దగ్గరుండి పూత లేకుండానే అద్దించాడు, నిప్పుల ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టించాడు.

ఊరేగింపు నాటికి హంసలన్నీ గులాబీరంగుకు తిరిగాయి. జనం నవ్వారు. రాజు మండిపడ్డాడు.

"వీడు తెల్లరంగులో ఎరుపు కలిపాడు ప్రభూ! ఊళ్లోంచి వెళ్లగొట్టండి," అన్నాడు పేష్కారు.

తాతలనాటి ఇల్లు వదిలి ఎక్కడికి పోతాడు చెన్నప్ప? చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పొమ్మంటే పోతాను ప్రభూ. ముందు నా చెయ్యి తగలని తెల్లబట్ట ఒకటి, అద్దకం వెయ్యని ఆ ఎర్రబట్ట ముక్క, ఇస్త్రీపెట్టె ఇప్పించండి. తెల్లబట్ట పేష్కారుగారి తలపాగా అయితే ఎవరికీ అనుమానముండదు."

రాజు తల ఊపాడు. పేష్కారు గొణుక్కుంటూ తలపాగా విప్పాడు. దాన్ని ఎర్రబట్ట మీద పరిచి, భటుడి చేతనే ఇస్త్రీ చేయించాడు చెన్నప్ప. ఎత్తి చూస్తే తలపాగా గులాబీరంగులో ఉంది.

"ఇందులో నేనేం కలిపానో తమరే సెలవియ్యండి, బాబయ్యా."

రాజు పకపకా నవ్వాడు. బొగ్గుపూతతోనే కొత్త జెండాలు అద్దమన్నాడు. అవి తయారయ్యేదాకా పేష్కారు ఆ తలపాగాతోనే కొలువుకు రావాలన్నాడు.

చెన్నప్ప తొందరపడలేదు. నీడన ఆరాలి కదా.