గులాబీ రంగు గింజలు

దేవుడు కొండలకు మబ్బుల దుప్పటి కప్పి, తీయడం మరిచిపోయిన చోట గోరింటకోన అనే అడవి ఉండేది. అందులో కుందేళ్లు, ముంగిసలు, ఉడుములు తిరిగేవి. అడవి అంచున, వేరుశనగ చేను గట్టు కింద, ఎలుకలు కాపురముండేవి.

ఆ ఎలుకలది ఒక పాత ఆచారం. కొత్త తిండి దొరికితే ముందు ఒక్కరే రుచి చూడాలి. తిన్నవాడు మర్నాడు లేచి తిరిగితే మిగతావన్నీ తినవచ్చు. తాతల నాటి నుంచి ఆ పని మీసాలయ్య ఇంటివారిదే. అందుకతనికి చెప్పలేనంత గర్వం.

ఆ ఏడు తొలకరికి రైతు విత్తనాలకు బూజు పట్టకుండా మందు పట్టించి విత్తాడు. గింజలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. తడిమట్టిలో అవి సాయంకాలపు ఆకాశం ముక్కల్లా మెరుస్తుంటే ఎలుకలు కలలో ఉన్నట్టు నిలబడిపోయాయి. మీసాలయ్య నాలుగు గింజలు తిన్నాడు. మర్నాడు లేచి మీసం దువ్వుకున్నాడు. ఇంకేం, ఎలుకలన్నీ కలుగులు నింపుకుని తినసాగాయి.

నేరేడమ్మ అనే ఎలుకకు కళ్లు తెరవని పిల్లలు ఆరు. ఇంట్లో ఉన్న గడ్డిగింజలు అయిపోయాక తిందామని ఆమె కూడా కొన్ని గులాబీ గింజలు దాచుకుంది.

పది రోజులకు మీసాలయ్య కాలి పుండు మళ్లీ వాచింది. చెలమలో ఉండే జలగ అవ్వ చెడురక్తం పీల్చి నయం చేసేది. నేరేడమ్మ అతనికి తోడు వెళ్లింది. అవ్వ ఒక్క గుక్క పీల్చి వదిలేసింది.

"నెల కిందట నీ రక్తం ఇలా లేదు నాయనా. ఇప్పుడు చేదెక్కింది. ఏం తింటున్నావు?"

గులాబీ గింజలేనని అతను చెప్పాడు. "పది రోజులుగా తింటున్నాను. చూడు, గుండ్రాయిలా ఉన్నాను."

"పైకి బాగానే ఉన్నావు. రక్తానికి ముందు తెలుస్తుంది, ఒంటికి తర్వాత తెలుస్తుంది."

మీసాలయ్య నవ్వాడు. ఒంట్లో ఒక్క ఎముకైనా లేనిది తమ తాతల ఆచారానికి వంకలు పెట్టడమేమిటన్నాడు.

నేరేడమ్మ నవ్వలేదు. తను తిన్నదే పాలై పిల్లల్లోకి పోతుందని ఆమెకు తెలుసు. ఇంటికి వెళ్లి గింజలన్నీ లోతుగా పూడ్చేసింది. ఆనాడే ముసురు పట్టింది. ఆమె తడుస్తూ గడ్డిగింజలు ఏరుకుంది. ఇంటి నిండా తిండి పెట్టుకుని పూడ్చుకున్న పిచ్చిదని తోటి ఎలుకలు చెప్పుకున్నాయి. కొన్ని పూటలు పస్తులుంది. పాలు తగ్గి పిల్లలు ఏడిస్తే, దేవుణ్ణి తలచుకుని వాటిని పొట్టకు హత్తుకుంది.

వాన వెలిసేసరికి గట్టు కింద సందడి లేదు. ఎలుకలు ఎక్కడివక్కడ నీరసించి పడుకున్నాయి. మీసాలయ్య కళ్లు పచ్చబడ్డాయి, బొచ్చు రాలింది. నేరేడమ్మ పిల్లలు ఆరూ తడిగడ్డిలో పరుగులు తీస్తుంటే అతను కలుగు గుమ్మంలోంచి చూశాడు.

"మా తాతలు ఒక్కరోజే ఆగమన్నారమ్మా" అన్నాడు మెల్లగా.

"ఈ మందు వాళ్ల కాలంలో లేదు మామా" అంది నేరేడమ్మ. గుప్పెడు గడ్డిగింజలు అతని ముందు పెట్టింది.

అతను మీసం దువ్వుకోలేదు. తలవంచుకుని తిన్నాడు.

నీతి: వెంటనే హాని కనబడలేదని దేన్నీ మంచిదనుకోరాదు, లోపలి సంగతి తెలిసినవారు చెబితే వినాలి.