మంచు మీద మాస్టారు

విజయనగరంలో డ్రైవింగ్ స్కూల్ నడిపే భానోజీరావు తనకు వచ్చిన పనే కాదు, రాని పని కూడా అందరికీ నేర్పుతూ ఉండేవాడు. టైలర్ దగ్గరికి వెళ్తే కత్తెర ఎలా పట్టుకోవాలో చెప్పేవాడు. పెళ్ళిలో వంటవాళ్ళకు పులిహోర ఎలా కలపాలో చెప్పేవాడు. ఇంట్లో ఆయనకు స్టవ్ వెలిగించడం కూడా రాదు, అది వేరే సంగతి. ఊళ్ళో అందరూ ఆయన్ని మాస్టారు అనేవారు. ఆ పిలుపు ఆయన తలకు బాగా ఎక్కింది.

డ్రైవింగ్ నేర్పడంలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. నేర్పే కారులో నేర్చుకునేవాడి కాళ్ళ దగ్గర ఒక బ్రేకు ఉంటే, పక్కన కూర్చున్న మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ఎవరు ఎంత తప్పు చేసినా భానోజీరావు ఠక్కున తన బ్రేకు తొక్కేవాడు, ఆ తర్వాత తీరిగ్గా తిట్టేవాడు. ఆ తిట్లు పడలేక మానేసింది ఆయన భార్య హైమావతి ఒక్కతే. పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా స్టీరింగు పట్టుకుంది. మొదటిరోజే ఆయన అరిచిన అరుపులకు నడిరోడ్డు మీద కారు ఆపేసి, "నాకు రాదులెండి" అని దిగి, ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి డ్రైవింగ్ స్కూల్ వారి ఇల్లాలు తన పోస్టాఫీసు ఉద్యోగానికి ఆటోలోనే వెళ్ళేది.

హైమావతికి మంచు చూడాలని చిన్నప్పటినుంచి కోరిక. ఆ ఏడాది ఆఫీసువాళ్ళు ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ పెట్టుకుని, భర్తను వెంటబెట్టుకుని, చలికాలం సెలవులకు హిమాచల్‌లోని ఒక కొండ మీది రిసార్టుకు వెళ్ళింది. అక్కడ కొండవాలంతా తెల్లగా మంచు పరుచుకుని ఉంది. జనం కాళ్ళకు పొడుగాటి స్కీ పలకలు బిగించుకుని, రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, జర్రున కిందికి జారుతున్నారు. కొత్తవాళ్ళకు నేర్పడానికి నేగి మేడమ్ అని ఒకావిడ ఉంది.

"నేనూ నేర్చుకుంటానండీ," అంది హైమావతి.

భానోజీరావు నవ్వాడు. "నేర్చుకో. నాను పక్కనుండి చూస్తాన్లే. బండి నడిపేవోడికి ఇదో లెక్కేటి?"

ఆయన మాత్రం పలకలు కట్టుకోలేదు. అద్దె బూట్లు వేసుకుని, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

నేగి మేడమ్ హిందీలో చెప్పేది, చేసి చూపించేది. ఆగాలంటే రెండు పలకల ముందు కొనలూ దగ్గరికి తెచ్చి, మడమలను బయటికి నెట్టాలి. మడమలు ఎంత దూరం జరిపితే వేగం అంత తగ్గుతుంది. ఒళ్ళు కాస్త ముందుకు వంగే ఉండాలి. హైమావతి పడింది, లేచింది, మళ్ళీ పడింది. రెండో రోజుకల్లా చిన్న వాలు మీద జారి తనంతట తనే ఆగడం నేర్చుకుంది. ఆగిన ప్రతిసారీ చంటిపిల్లలా చప్పట్లు కొట్టుకునేది. తన కాళ్ళు తన మాట ఇంత బాగా వింటాయని ఆమెకు అంతవరకూ తెలియదు. ఊరికి తిరిగి వెళ్ళేలోగా పెద్ద వాలు మీద ఒక్కసారైనా పైనుంచి కిందిదాకా జారి తీరాలని పట్టుబట్టింది.

భానోజీరావుకు మాత్రం ఆ పలకల్ని చూస్తుంటే ప్రాణం విలవిల్లాడేది. ముందు చక్రాలు అలా లోపలికి తిరిగిన కారును ఆయన రోడ్డు మీద నిమిషం కూడా ఉంచడు, వెంటనే మెకానిక్ షెడ్డుకు తోలేస్తాడు. మూడోరోజు నేగి మేడమ్ మిగతావాళ్ళను చూసుకుంటున్న సమయం కనిపెట్టి, ఆయన మెల్లగా భార్య పక్కకు చేరాడు.

"హైమా, ఆ మేడమ్‌కి అలైన్‌మెంట్ అంటే ఏటో తెలీదు," అన్నాడు. "రెండు పలకలూ తిన్నగా, సమానంగా పెట్టు. నడుం వెనక్కి వాల్చు. వెన్నలా వెళ్తావు."

"అలా పెట్టొద్దని ఆవిడ చెప్పిందండీ."

"ఊరంతటికీ బండి నేర్పినోడ్ని. నాకు తెలీదేటి?"

ఎన్నో ఏళ్ళ కాపురం అలవాటు కదా, హైమావతి పలకలు తిన్నగా పెట్టి నడుం వెనక్కి వాల్చింది.

ఆయన చెప్పినట్టే వెన్నలా వెళ్ళింది. కాకపోతే ఆగలేదు. వాలు దిగేకొద్దీ వేగం పెరిగింది. "ఏమండీ, ఏమండీ" అన్న ఆమె పిలుపు దూరమైపోతోంది. భానోజీరావు "ఆపు, ఆపు" అని అరుస్తూ, అలవాటు కొద్దీ కుడికాలితో గట్టిగా తొక్కాడు. అక్కడ బ్రేకెక్కడిది, మెత్తటి మంచు ఉంది. కాలు మోకాలిదాకా దిగబడిపోయింది. పీకితే రాలేదు. ఆయన ఒంటికాలి మీద నిలబడి చూస్తుండగానే హైమావతి వాలంతా దిగిపోయి, కింద నూడుల్స్ అమ్మే కొట్టు ముందు ప్లేట్లు పట్టుకున్నవాళ్ళను చెల్లాచెదురు చేసి, ఒక కుర్చీని పడగొట్టి, పారలతో పోగేసిన మంచుకుప్పలో నడుందాకా కూరుకుపోయింది.

ఇద్దరు మనుషులు ఆమెను బయటికి లాగారు. ఇంకో ఇద్దరు పైకి వచ్చి భానోజీరావు కాలిని లాగి, ఆయన్ని కిందికి తీసుకొచ్చారు. నేగి మేడమ్ హైమావతి చేతులూ కాళ్ళూ కదిపి చూసి, దెబ్బేమీ తగల్లేదంది. కొట్టువాడు తేరుకుని అందరికీ వేడి టీ పోశాడు. హైమావతి మాత్రం పలకలు విప్పి నేగి మేడమ్ చేతిలో పెట్టింది.

"నాకు రాదులెండి," అంది.

ఆ మాట వినగానే భానోజీరావు చేతిలో టీ అలాగే ఉండిపోయింది. ఇదే మాట ఆయన ఒకసారి నడిరోడ్డు మీద విన్నాడు. ఆ రోజు ఆయనకు కోపం వచ్చింది. ఈ రోజు సిగ్గేసింది.

గదిలో హీటర్ ముందు కూర్చుని హైమావతి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఇంకా రెండు రోజుల సెలవు ఉంది.

"రేపు మళ్ళీ వెళ్దువుగాని," అన్నాడాయన. "నాను రాను. గదిలోనే ఉంటాను. సరేనా?"

"మీరు గదిలో ఉంటే మాత్రం ఏం? మీ మాట నా చెవిలోనే ఉంటుంది. ఆవిడ ఒకటి చెబుతుంది, మీరొకటి చెబుతారు. నా కాళ్ళు ఎవరి మాట వినాలండీ?"

 

మర్నాడు పొద్దున్న హైమావతి కిటికీ తెర తీసి చూసింది. కింద చిన్న వాలు మీద నేగి మేడమ్ ముందు చిన్నపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. వరస చివర పొట్ట ఉన్న మనిషి ఒకాయన, మంకీ క్యాపుతో, కాళ్ళకు పలకలు కట్టుకుని నిలబడ్డాడు. హైమావతి కళ్ళు నలుపుకుని మళ్ళీ చూసింది. ఆయనే.

నేగి మేడమ్ కొనలు దగ్గరికి తెమ్మంది. భానోజీరావు నోరు తెరిచాడు, మూశాడు, కొనలు దగ్గరికి తెచ్చాడు. రెండు బారలు జారి వెల్లకిలా పడ్డాడు. పక్కనున్న పాప, ముందు పళ్ళు ఊడిన పిల్ల, "అంకుల్, మోకాళ్ళు వంచాలి" అని హిందీలో చెప్పింది. ఆయన బుద్ధిగా మోకాళ్ళు వంచాడు. ఈసారి బోర్లా పడ్డాడు. పిల్లలంతా నవ్వారు. హైమావతి కూడా కిటికీ దగ్గర పకపకా నవ్వింది. అలా చాలాసేపు చూసింది. ఆయన పడుతున్నాడు, లేస్తున్నాడు, ఎవరేం చెప్పినా తలూపుతున్నాడు. నోటమ్మట ఒక్క మాట రావడం లేదు. చివరికి ఆమెకు భయం వేసి, శాలువా కప్పుకుని కిందికి పరుగెత్తింది.

"ఏమండీ, మాట్లాడరేం? ఎక్కడైనా దెబ్బ తగిలిందా?"

"లేదు హైమా," అన్నాడు భానోజీరావు, మూతి మీది మంచు తుడుచుకుంటూ. "నేర్చుకుంటున్నాను."

హైమావతి వెళ్ళి నేగి మేడమ్ దగ్గర తన పలకలు అడిగి తెచ్చుకుంది. ఆ రోజంతా భార్యాభర్తలిద్దరూ ఒకే వరసలో నిలబడ్డారు. ఎవరు ఎక్కువసార్లు పడ్డారో ఇక్కడ చెప్పడం బాగుండదు.

చివరిరోజు మధ్యాహ్నం హైమావతి పెద్ద వాలు పైకి ఎక్కింది. భానోజీరావు కింద నిలబడ్డాడు. ఆమె జారడం మొదలుపెట్టింది. సగం దిగేసరికి వేగం పెరిగింది. చిటికెడు భయం ఆమె ముఖంలో కిందిదాకా కనిపిస్తోంది. భానోజీరావు నాలుక చివరిదాకా మాట వచ్చింది. ఆయన చేతిగ్లవ్ నోట్లో కుక్కుకుని గట్టిగా కొరికి పట్టుకున్నాడు. హైమావతి పెదవులు బిగించింది, కాస్త ముందుకు వంగింది, మడమలు రెండూ బయటికి నెట్టింది. వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. సరిగ్గా ఆయన ముందుకు వచ్చి ఆగింది.

ఆమెకు ఊపిరి ఆడటం లేదు, నవ్వు ఆగటం లేదు. "ఎలా జారానండీ?" అని అడిగింది.

భానోజీరావు నోట్లోంచి గ్లవ్ తీశాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"నాకేటి తెలుసు హైమా," అన్నాడు. "మేడమ్‌ని అడుగు."

చూశారా పిల్లలూ, తెలిసిన పని నలుగురికీ నేర్పడం మంచిదే. కాని తెలియని పని దగ్గర నోరు మూసుకుని నేర్చుకునేవాళ్ళ వరసలో నిలబడాలి. లేకపోతే మన మాట నమ్మినవాళ్ళే ముందు పడతారు.