దళపతిగారి బిరుదులు

వెన్నెలదుర్గంలో సంపెంగలమ్మే నాంచారి నవ్విందంటే, బుట్టలో పూలు కూడా తలెత్తి ఆమెనే చూసేవట. అలాంటి పిల్లని ఓ పొద్దున దళపతి గజసింగం నాయకుడు రాజుగారి ముందుకు లాక్కొచ్చాడు.

"ప్రభూ, ఇది శత్రువుల వేగు! మన ఉత్తర బురుజు మీద పదకొండు ఫిరంగులున్నాయని సంతలో చెబుతోంది. ఇలాంటి రహస్యం బయటపెట్టినవాళ్లని రాజ్యం నుంచి వెళ్లగొట్టాలి!"

నాంచారి ఈ కోటని, ఈ పూలతోటల్ని వదిలి ఎక్కడికని పోతుంది? అయినా తలెత్తి అడిగింది.

"నాకు చెప్పినోళ్లకి కూడా అదే శిక్షా దొరా?"

"ముందు వాడికే!" అని ఉరిమాడు దళపతి.

"అయితే తమరే మూట సర్దుకోండి. రోజూ మా వీధిలో మీ పల్లకి ముందు బంట్రోతు అరుస్తాడు కదా, 'పదకొండు ఫిరంగుల ఉత్తర బురుజు ఏలిక, మూడొందల గుర్రాల దొర వేంచేస్తున్నారహో' అని!"

రాజుగారు పగలబడి నవ్వారు. ఇద్దరినీ క్షమించి, ఆ కేకలు మాత్రం మాన్పించారు.

మర్నాడు పల్లకి చడీచప్పుడు లేకుండా వెళ్తుంటే నాంచారి వీధంతా వినిపించేలా అడిగింది.

"ఏం దొరా, ఫిరంగులన్నీ అమ్మేశారా?"