తలెత్తని తాత బొమ్మ

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో నాగవేణి అని ఓ పిల్ల ఉండేదమ్మా. మొండిది. నీకంటే కూడా, అంటే చూసుకో! ఆ ఊళ్ళో వాళ్ళంతా వెదురుపుల్లతో గుడ్డ మీద దేవుళ్ళ బొమ్మలు వేసేవాళ్ళు. అందరిలోకీ మంచి పనివాడు నాగవేణి వాళ్ళ తాత గురవయ్య.

ఆ తాత పోయాడు. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. దిగమంటే "పనుంది, పోండి" అనేవాడట. "ఆయన మొహం మరుపుకొస్తా ఉంది పాపా" అని తాత భార్య చెంగమ్మవ్వ ఒకరోజు కళ్ళొత్తుకుంది. నాగవేణి అవ్వ చెయ్యి పట్టుకుంది.

"తాతకు ఏడాది పెట్టే దినానికల్లా ఆయన బొమ్మ నేనేస్తా అవ్వా" అంది.

సిరా చెదరకుండా తాత తన చేత్తో పాలు, కరక్కాయ పట్టించి ఆరబెట్టిన గుడ్డలు మూడే మిగిలాయి. తాత బొమ్మ వాటి మీదే వెయ్యాలని దాని పట్టుదల. సిరా పడిందంటే ఇక పోదు. తప్పు పడితే గుడ్డ పోయినట్టే.

మొదటి గుడ్డ తీసింది. చేతికి అలవాటైంది దేవుళ్ళే కదా! చెవులదాకా కళ్ళు, కోటేరు ముక్కు వచ్చేశాయి. అవ్వ చూసి చేతులు జోడించింది. "ఏ దేవుడే ఈయన? హారతియ్యనా?"

ఆ తర్వాత ఊరంతా తిరిగి అడిగింది. ఒకరు గుబురు మీసమన్నారు, ఒకరు వెడల్పు నుదురన్నారు, ఒకరు నవ్వు మొహమన్నారు. అన్నీ కలిపి రెండో గుడ్డ మీద వేసింది. అవ్వ చూసి కొంగు సర్దుకుంది. "ఎవరో చుట్టం వచ్చినట్టుండాడే. కూర్చోమను, మజ్జిగిస్తా."

నాగవేణికి ఏడుపొచ్చింది. అయినా పుల్ల కింద పెట్టలేదు.

అప్పుడు ఇంకెవర్నీ అడగలేదు. తాత పక్కన తాను రోజూ కూర్చునే చోటుకే వెళ్ళి కూర్చుంది. అక్కణ్ణుంచి తనకు కనబడే తాతను మూడో గుడ్డ మీద బొగ్గుతో గీసుకుంది. వంచిన తల, చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు, పెదవి మూల నాలుక కొస, చేతిలో పుల్ల. కళ్ళు పని మీదికి వాలిపోయి రెప్పలే కనిపిస్తున్నాయి.

సిరా ముంచుతుంటే వాళ్ళ నాయన అడ్డుపడ్డాడు. "కళ్ళు తెరవని బొమ్మ మనం వెయ్యం. ఉండే ఒక్క గుడ్డా పాడుచేస్తావు."

"గీత ముగిసేదాకా తాత ఎప్పుడు తలెత్తినాడు నాయనా?" అని ఆ పిల్ల వేసేసింది.

ఏడాది దినం వచ్చింది. తాతకిష్టమైన సంగటి, ఉలవచారు కంచంలో పెట్టుకుని అవ్వ వచ్చింది. బొమ్మ ముందర పెట్టబోయి ఆగిపోయింది. ఒక చేత కంచం, ఇంకో చెయ్యి నడుం మీద.

"ఎంతసేపయ్యా ఆ గీత! కూడు చల్లారిపోతా ఉంది, లెయ్యి!" అని కసిరింది.

తాత ఉన్నన్నాళ్ళూ రోజూ కసిరిన కసురే అది. కసిరి, అక్కడే కూలబడి ఏడ్చింది, నవ్వింది. నాగవేణి పోయి అవ్వ ఒళ్ళో దూరింది.

కథేమో కంచికి, కూడేమో కంచానికి, నిద్దరేమో నీ మంచానికి!