బొమ్మ మీద ఎర్రచుక్క

ఒక ఊళ్లో సూదులతో నొప్పులు తగ్గించే వైద్యుడు ఒకాయన ఉండేవాడు. సైకిల్ షాపు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే ఆయన గది. వచ్చినవాళ్లని ఆయన ముందు ఏమీ అడిగేవాడు కాదు. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకునేవాడు. కింద షాపులో ఒక పంచరు వేయడం పూర్తయ్యేది గాని, ఆయన కళ్లు తెరిచేవాడు కాదు.

ఆ తర్వాత తలనొప్పి అన్నవాడికి పాదంలో గుచ్చేవాడు, నడుం నొప్పి అన్నవాడికి మోకాలి వెనక గుచ్చేవాడు. నొప్పి కనబడే చోటు వేరు, పుట్టే చోటు వేరు అనేవాడు. ఒక్కోసారి అసలు గుచ్చేవాడే కాదు. మెడ పట్టేసిందని ఒక లారీ డ్రైవరు వస్తే, నాడి చూసి, ఇది సూదితో పోయేది కాదు, గుండె తడబడుతోంది అని చెప్పి, తనే మెట్లు దింపి పెద్దాసుపత్రికి పంపాడు. ఆ డ్రైవరు ఇప్పటికీ లారీ నడుపుతున్నాడు.

ఇంత తెలిసినవాడి దగ్గరికి రోజుకు ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. పైగా ఆ మెట్ల పైన ఏముందో సగం ఊరికి తెలియనే తెలియదు. ఇలాగే ఉంటే గది ఖాళీ చేయాల్సి వస్తుందని భయపడి, ఆయన వెబ్‌సైట్లు చేసే ఒకావిడని పిలిపించాడు.

ఆవిడ పని వచ్చిన మనిషి, మంచి మనిషి కూడా. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే తప్పు ఎప్పుడూ కొత్తగా వచ్చినవాళ్ల మీదికి నెట్టడం మనకు అలవాటు. వైద్యుడు నాడి గురించి నాలుగు పేజీలు రాసిచ్చాడు. ఆవిడ చివరిదాకా ఓపిగ్గా చదివింది.

"బాగుందండీ. కానీ నొప్పితో ఉన్న మనిషి ఇంత చదవడు. మీకేం తెలుసో ఆయనకు అనవసరం. తనకెక్కడ నొప్పో చెప్పుకోడానికి చోటుండాలి" అంది.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆవిడ తెర మీద ఒక మనిషి బొమ్మ పెట్టింది. నొప్పి ఉన్న చోట వేలితో నొక్కితే ఎర్రచుక్క పడుతుంది, టైము ఖాయమవుతుంది. దాని కింద, వచ్చి వెళ్లినవాళ్లు తమ మాట రాయడానికి కాస్త చోటు. నాలుగు పేజీలు మాత్రం ఎక్కడా పట్టలేదు.

నెల తిరక్కుండానే మెట్ల నిండా చెప్పులే. ప్రతివాడూ ఫోన్లో ఎర్రచుక్క చూపించేవాడు. వైద్యుడు మొదట్లో తన పద్ధతి వదల్లేదు. అప్పుడొకడు, భుజం నొప్పంటే కాలికి గుచ్చాడు, చెప్పింది వినిపించుకోడు అని రాశాడు. ఆ తర్వాత రెండు రోజులు ఎవరూ రాలేదు. ఆ రెండు రోజులూ ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

అప్పట్నుంచి వాళ్ల తృప్తి కోసం చుక్క దగ్గర ఒక సూది, అసలు చోట ఇంకో సూది గుచ్చడం మొదలుపెట్టాడు. జనం పెరిగేసరికి రెండోది మానేశాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. నాడి చూడటానికి తీరిక లేదని పైకి అనేవాడు. నిజానికి తీరిక మాట అటుంచి, దాని అవసరమేముందని ఆయనకే అనిపించసాగింది.

ఒక ఉదయం చీరల కొట్టులో పనిచేసే ఆవిడొకరు ఎడమ భుజం మీద చుక్క పెట్టుకుని వచ్చింది. రోజంతా చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడతలు పెట్టడం ఆవిడ పని. ఫ్యాను కింద కూర్చున్నా నుదుటి మీద చెమట ఆరలేదు. వైద్యుడు అది చూశాడు, మెట్లెక్కి వచ్చింది కదా అనుకున్నాడు.

ఆవిడ తనంతట తనే చేయి చాపింది. "నాడి చూస్తారని విన్నానండీ."

"ఇప్పుడు అక్కర్లేదమ్మా. చుక్క ఉందిగా" అన్నాడాయన.

భుజంలో మూడు సూదులు పెట్టాడు. నొప్పి నిజంగానే తగ్గింది. ఆవిడ మెట్ల మీదే నిలబడి, సూది పెట్టగానే నొప్పి పోయింది, ఈయన దేవుడు అని రాసి, మార్కులకని ఉన్న ఐదు చుక్కలూ ఇచ్చి వెళ్లింది.

నాలుగు రోజులకి అదే కొట్టు నుంచి ఇంకొకావిడ మోకాలి నొప్పితో వచ్చింది. "ఆవిడ చెప్పబట్టే వచ్చానండీ. పాపం, మొన్న కొట్టులోనే గుండె ఆగి పోయింది. భుజం మాత్రం మీ చలవ వల్లే తగ్గిందని చెప్పేది" అంది.

ఆ రోజు ఆయన ఎవరికీ సూది పెట్టలేకపోయాడు. చాపిన చేయి జానెడు దూరంలో ఉంది. మూడు వేళ్లు ఆనించి ఉంటే తెలిసేది. తెలిసేదన్న సంగతి ఆయనకు తెలుసు, అదే ఆయన్ని కాల్చుకు తింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వెబ్‌సైట్ తెరిచి చనిపోయినావిడ రాసిన మాట కింద జవాబు రాశాడు.

"ఈవిడ నాడి నేను చూడలేదు."

చూసి ఉంటే బతికేదని రెండో వాక్యం మొదలుపెట్టాడు. సగంలోనే చెరిపేశాడు. ఉన్న ఒక్క వాక్యం చాలు, చదివినవాళ్లకి అర్థమవుతుంది అనుకుని వదిలేశాడు.

వారం గడిచాక వెబ్‌సైట్ చేసినావిడ ఫోన్ చేసింది. ఆవిడకి చావు సంగతి తెలియదు. మీరు రాసిన ఆ జవాబు బాగా పనిచేస్తోందండీ, అది చదివినవాళ్లంతా వెంటనే టైము తీసుకుంటున్నారు అని సంబరంగా చెప్పింది.

మర్నాడు వరుస సైకిల్ షాపు దాటి రోడ్డు మీదికొచ్చింది. మొదటి మనిషి లోపలికొచ్చి ఫోన్ చూపించబోయాడు. వైద్యుడు ఫోన్ వైపు చూడకుండా, చాలా రోజుల తర్వాత, అతని మణికట్టు కోసం చేయి చాపాడు.

ఆ మనిషి నవ్వి చేయి వెనక్కి తీసుకున్నాడు. "ఇదెందుకండీ? నాడి కూడా చూడకుండానే తగ్గించానని మీరే రాశారు కదా, అది చదివే వచ్చాను" అని చొక్కా గుండీలు విప్పి ఎడమ భుజం ముందుకు పెట్టాడు.