శిల్పిగారి మొదటి కోరిక

పుష్యమాసం వచ్చిందంటే చలిగట్టు కొండ మీద చెంబులో నీళ్లు కూడా గడ్డకడతాయి. అలాంటి చలిలో రాజు జగ్గభూపతికి ఓ ముచ్చట పుట్టింది.

“పందేల్లో ఓటమెరగని నా డేగపుంజు వణుకుతోందయ్యా! కోళ్లకి మేడ కట్టండి!”

ఆస్థాన శిల్పి గరుడాచలం మీసం దువ్వి మరీ కట్టాడు. మూరెడు మందం గోడలు. తలుపుకి కంబళి. ఎక్కడా కన్నమన్నదే లేదు.

“లోపలికి చీమ దూరితే నా పేరు మార్చుకుంటాను ప్రభూ!” అన్నాడు. అబ్బో, ఆ టెక్కు చూడాలి!

పది రోజులు తిరక్కుండానే కోళ్లన్నీ తుమ్ములు మొదలెట్టాయి. డేగపుంజు ఎర్రజుట్టు కొస నల్లగా మాడింది. రాజు అగ్గిమీద గుగ్గిలమైపోయాడు.

“తప్పంతా కోళ్లని చూసే పైడమ్మది. మేత వేస్తూ తలుపు తెరిచిపెడుతోంది,” అన్నాడు శిల్పి.

“పైడమ్మా, రేపే కొండ దిగిపో!” అన్నాడు రాజు.

ఇరవై ఏళ్లుగా ఆ కోళ్లే పైడమ్మ సంసారం. లోపల గోడలు చెమ్మ కారుతున్నాయని ఎంత మొత్తుకున్నా ఆ శిల్పి వింటేగా! అయినా కొంగు దోపి ముందుకొచ్చింది.

“చిత్తం ప్రభూ. ఒక్క మనవి. ఈ రాత్రికి ఆ మేడలో శిల్పిగారిని పడుకోనివ్వండి. పొద్దున బయటికొచ్చి ఆయన మొట్టమొదట ఏది కోరితే అది కోళ్లకీ ఇప్పించండి. అప్పటికీ కోళ్లు కోలుకోకపోతే నేనే దిగిపోతాను.”

శిల్పి పొంగిపోయాడు. “ఇంకో దిండు కోరతానేమో, అంతే!”

రాజు సరేనని బయట గడియ పెట్టించాడు.

తెల్లారింది. భటులు తలుపు తీయగానే నలభై కోళ్ల కంపు గుప్పుమంది. వెనకాలే శిల్పి దొర్లుకుంటూ వచ్చాడు. తలపాగా నిండా రెట్ట. మీసం నుంచి కారే నీళ్లు బయటి చలికి అక్కడికక్కడే గడ్డకట్టాయి.

“ఏం కావాలయ్యా?” అన్నాడు రాజు.

“గాలి! బాబోయ్, గాలి!”

పైడమ్మ చేతులు జోడించింది.

“పది రోజులుగా కోళ్లు అడిగేదీ అదే ప్రభూ!”

“మరి మీసానికి ఈ నీళ్లేమిటే?” అన్నాడు రాజు.

“కోళ్ల ఊపిరి ప్రభూ. పోయే దారి లేక ఆయన మీసానికి పట్టింది. పుంజు జుట్టుకీ పట్టింది. చలిని కోడి ఓర్చుకుంటుంది గానీ, తడిసిన జుట్టుతో ఓర్చుకోలేదు. కింద పొడి ఊక పోసి, పైన చూరు కింద కన్నాలు పెడితే చాలు.”

రాజు తన శాలువా తీసి పైడమ్మకి కప్పాడు. శిల్పి చేతికి ఉలి ఇప్పించాడు.

“కన్నాలు పెడితే చీమలు దూరతాయి ప్రభూ,” అంది పైడమ్మ. “అయ్యగారికి కొత్త పేరేదో తమరే పెట్టండి!”

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, లోపల డేగపుంజు కొక్కొరోకో అంది.